వేలంపాటలో పాత కారు: పాట పాడక ముందు, పాడిన తరువాత

ఈ మధ్య నంబులపూలకుంట చుట్టుపట్ల సంఘాల నుండి మాకు తరచుగా వస్తున్న ప్రశ్న పాలకు గాని దాణాకు గాని సంబంధించినది కాదు. "వేలంలో కార్లు సగం ధరకే పోతున్నాయట గదా, సంఘానికి ఒకటి పాడుకుందామా?" అన్నది ఆ ప్రశ్న. అడగడంలో తప్పేమీ లేదు. మన పల్లెలు విసిరేసినట్లు దూరదూరంగా ఉంటాయి. కదిరికి వెళ్లి లెక్కలు అప్పజెప్పి రావాలన్నా, అర్ధరాత్రి ఈనలేక అవస్థ పడుతున్న ఆవు దగ్గరకు పశువైద్యుని తీసుకొని రావాలన్నా, వీర్యనాళికల డబ్బాలో ద్రవ నత్రజని పోయించుకొని రావాలన్నా ఒక బండి చేతిలో ఉంటే ఆ సుఖమే వేరు. 2016లో సౌర పార్కులో కరెంటు ఉత్పత్తి మొదలైన నాటి నుండి మన రోడ్లమీద కార్లు, జీపులు తిరగడం ఎక్కువైంది. కళ్ల ముందర తిరిగేదానిమీద మనసు పోవడం సహజమే.

అయితే వేలంలో బండి కొనడం సంతలో ఆవును కొన్నట్లు కాదు. ఆవును కొనేటప్పుడు మనము పండ్లు పట్టి చూస్తాము, పొదుగు తడిమి చూస్తాము, నమ్మకం కుదరకపోతే రెండు మూడు పూటలు దగ్గరుండి పాలు పిండించుకొని గాని డబ్బు లెక్కపెట్టము. వేలంలో నిలబెట్టిన కారును తోలి చూడనివ్వరు. చాలాచోట్ల ఇంజను స్టార్టు చేయనివ్వరు. కొన్నిచోట్ల తాళంచెవే ఉండదు. ఈ తేడా మాకు ఆలస్యంగా తెలిసింది గనుక ముందు మా కథ చెప్పి, తరువాత పద్ధతులు వివరిస్తాము.

మేము చేసిన పొరపాటు

నాలుగేళ్ల కిందట ఒక ప్రభుత్వ కార్యాలయం ఆవరణలో వాడకం తీసివేసిన బండ్ల వేలం జరుగుతున్నదని తెలిసి మా సంఘం నుండి ముగ్గురము వెళ్లినాము. పదకొండేళ్ల వయసున్న డీజిలు కారు ఒకటి వేపచెట్టు నీడన నిలబడి ఉన్నది. దుమ్ము తుడిస్తే రంగు బాగానే ఉన్నట్లు కనిపించింది. సర్కారు వారి పాట 90,000 రూపాయలు. మా తీర్మానంలో "సుమారు లక్ష" అని వ్రాసుకొని పోయినాము. ఈ "సుమారు" అన్న మాటే మా కొంప ముంచింది. పక్క ఊళ్ల నుండి వచ్చిన పాత బండ్ల వ్యాపారులు ఐదేసి వందలు పెంచుతూ పోతుంటే, పట్టుదల కొద్దీ మేమూ పెంచుకుంటూ పోయి 1,42,000 దగ్గర పాట మా మీద కొట్టేయించుకున్నాము. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కూడా కొట్టినారు. ఆ చప్పట్లకు అర్థం మాకు తరువాత బోధపడింది.

డబ్బు కట్టిన తరువాత బండి తీసుకొని పోవడానికి గడువు పెట్టినారు. లారీ దొరకక ఆ గడువు దాటి 18 రోజులు అయింది. రోజుకు 100 చొప్పున నేల బాడుగ 1,800. బండిని లారీమీద ఎక్కించుకొని వచ్చినందుకు 6,500. నాలుగు టైర్లకు 16,000. బ్యాటరీకి 4,800. క్లచ్చికి, బ్రేకులకు 14,200. డీజిలు ట్యాంకులో తుప్పు కట్టి, ఆ చెత్త పంపు దాకా పోయినందున దానిని శుభ్రం చేయించడానికి 9,500. బీమా, రుసుములు, ఇతర కాగితాల ఖర్చులు కలిసి 13,000. మొత్తం లెక్క వేస్తే 2,07,800 రూపాయలయింది. అదే సంవత్సరపు అదే రకం కారు, చక్కగా రోడ్డుమీద తిరుగుతున్నది, సొంతదారు చేతి నుండి కదిరిలో 2,10,000కు వచ్చేది. అంటే వేలంలో మాకు మిగిలినది 2,200 రూపాయలు. పైగా ఒక కాగితం తెచ్చుకోనందువల్ల ఏడు నెలలు ఆ బండి మా పాలకేంద్రం వెనుక రేకుల షెడ్డులో దాణా మూటల పక్కన నిలబడిపోయింది. కోళ్లు దానిలో గుడ్లు కూడా పెట్టినాయి.

ఆ ఏడు మహాజన సభలో రెండు ఆవుల సభ్యురాలొకామె లేచి "అన్నా, అందరి బోనసు డబ్బులు పెట్టి కొన్నారు గదా, ఆ కారు ఏమన్నా పాలిస్తుందా?" అని అడిగింది. సభ అంతా నవ్వింది. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఆమె సంవత్సరమంతా చెంబు చెంబుగా పోసిన పాలలో నుండి కోసిపెట్టిన పైసలు అందులో ఉన్నాయి.

ఏ వేలంలో ఏ బండి వస్తుంది

బండి వేలాలన్నీ ఒకటే అనుకోవడం పెద్ద పొరపాటు. బండి ఎవరి చేతి నుండి వస్తున్నది అన్నదానిని బట్టి కాగితాలు మారతాయి, ఇబ్బందులు మారతాయి.

మొదటిది ప్రభుత్వ శాఖలు వాడి తీసివేసిన బండ్లు. ఒకప్పుడు ఇవి ఆఫీసు ఆవరణలో బహిరంగ వేలంలో పోయేవి. ఇప్పుడు చాలా వరకు కంప్యూటరు ద్వారా జరుగుతున్నాయి. 1964లో కలకత్తా కేంద్రంగా ఏర్పడిన ఎం.ఎస్.టి.సి. అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇటువంటి వేలాలను ఎన్నో శాఖల తరఫున నిర్వహిస్తున్నది. ముందుగా పేరు నమోదు చేసుకొని, ధరావతు కట్టి, ఇంటి నుండే పాట పాడవచ్చు. ఇక్కడ సభ్యులు తప్పక తెలుసుకోవలసిన మార్పు ఒకటి ఉన్నది. 2023 ఏప్రిల్ 1 నుండి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగించరు. అవి రిజిస్టరయిన తుక్కు కేంద్రాలకు పోవలసినవే. కాబట్టి "సర్కారు జీపు, ఇరవై ఏళ్లది, గట్టి ఇనుము, యాభై వేలకే వస్తుంది" అని ఎవరైనా చెబితే ఆ కాలం పోయిందని గ్రహించండి. ఆ ఇనుము ఎంత గట్టిదైనా రోడ్డు ఎక్కదు.

రెండవది పోలీసు, అబ్కారీ, అటవీ శాఖలు కేసులలో పట్టుకున్న బండ్లు. మన జిల్లా కర్ణాటకను ఆనుకొని ఉన్నది. ఇంకోవైపు శేషాచలం అడవులు మనకు దూరమేమీ కాదు. 2020 మే నెలలో ఏర్పడి 2024లో రద్దయిన ప్రత్యేక ఎన్‌ఫోర్స్‌మెంటు బ్యూరో కాలంలో సరిహద్దు మద్యం కేసులలో మోటారు సైకిళ్లు, కార్లు విరివిగా పట్టుబడినాయి. ఎర్రచందనం కేసులలో దొరికే కార్లు మరొక తరహావి. వెనుక సీట్లు పీకివేసి దుంగలు వేసుకొని అడ్డదిడ్డపు దారులలో పరుగెత్తించిన బండ్లు గనుక వాటి స్ప్రింగులు, అడుగు భాగం చితికిపోయి ఉంటాయి. నంబరు ప్లేటు దొంగది కావచ్చు. స్టేషను ఆవరణలో ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసి ఉంటాయి. పట్టుబడిన బండ్లను స్టేషన్లలో ఇలా కుళ్లబెట్టడం ఎవరికీ ప్రయోజనం కాదని, త్వరగా పరిష్కరించాలని 2002లో సుప్రీంకోర్టు చెప్పినప్పటికీ స్టేషన్ల ముందర ఆ గుట్టలు నేటికీ మనకు కనిపిస్తూనే ఉన్నాయి. ఇటువంటి బండి పాడే ముందు జప్తు ఉత్తర్వు ఖరారయినదా, సొంతదారు దానిమీద అప్పీలు వేసి ఉన్నాడా అని వ్రాతపూర్వకంగా కనుక్కోవాలి. లేకపోతే మనము రంగు వేయించుకున్న తరువాత అసలువాడు కోర్టు కాగితంతో గుమ్మంలో నిలబడతాడు.

మూడవది బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు వాయిదాలు కట్టనందున స్వాధీనం చేసుకున్న బండ్లు. వయసులో చిన్నవి, నాణ్యతలో కొంచెం మేలైనవి సాధారణంగా ఇక్కడే దొరుకుతాయి. అయితే వాయిదాలే కట్టలేనివాడు ఇంజను ఆయిలు సకాలంలో మార్పించి ఉంటాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇది మా అభిప్రాయం.

నాలుగవది బీమా కంపెనీలు పూర్తి నష్టం చెల్లించి తీసుకున్న బండ్లు. వీటి విషయంలో మేము మొహమాటం లేకుండా చెబుతున్నాము: సంఘాలు వీటి జోలికి పోవద్దు. 2015 డిసెంబరులో చెన్నైలో, 2024 సెప్టెంబరులో విజయవాడలో వరదలు వచ్చినప్పుడు ఎన్నో కార్లు నీళ్లలో మునిగినాయి. అటువంటివి కడిగి, తుడిచి, సెంటు కొట్టి వానలు తక్కువైన మనవంటి ప్రాంతాలకు తెస్తే, వరద ముఖం చూడని మనకు అనుమానమే రాదు. పైగా బాగా దెబ్బతిన్న బండికి రిజిస్ట్రేషను రద్దయి ఉంటే అది విడి భాగాలకు మాత్రమే పనికి వస్తుంది. అటువంటి బండి కాగితాన్ని కొని, అదే రకపు దొంగబండికి అతికించి అమ్మే ముఠాలు కూడా ఉన్నాయి. కాగితం ఒక బండిది, ఒళ్లు మరొక బండిది.

తుక్కు కింద పోయినదానిని మళ్లీ రోడ్డు ఎక్కిస్తే ఏమవుతుందో మన పాత అనంతపురం జిల్లాలోనే చూచినాము. బి.ఎస్.-3 రకం వాహనాలను 2017 ఏప్రిల్ 1 తరువాత అమ్మరాదని, రిజిస్టరు చేయరాదని సుప్రీంకోర్టు ఆదేశించింది. అమ్ముడుపోక తుక్కు కింద పోయిన లారీలను, బస్సులను నాగాలాండులో రిజిస్టరు చేయించి తెచ్చినారన్న ఆరోపణమీద 2020లో తాడిపత్రిలో కేసులు నమోదైనాయి. ఆ కేసుల మంచిచెడ్డలు కోర్టులు చూసుకుంటాయి. మనకు కావలసిన సంగతి ఒక్కటే. బండి మొదట ఏ రాష్ట్రంలో, ఏ కాగితంతో పుట్టిందో కొనేవాడు తెలుసుకోకపోతే ఆ చిక్కు చివరికి కొన్నవాడి మెడకు కూడా చుట్టుకుంటుంది.

ఇదే వరుసలో ఢిల్లీ బండ్ల సంగతి. అక్కడ పదేళ్లు దాటిన డీజిలు బండ్లపై 2015లో జాతీయ హరిత ట్రిబ్యునలు, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టిన నాటి నుండి ఆ బండ్లు చవకగా దక్షిణాదికి దిగుతున్నాయి. చవక నిజమే. కాని వేరే రాష్ట్రపు బండి కొంటే అక్కడి రవాణా శాఖ నుండి నిరభ్యంతర పత్రం రావాలి, మన రాష్ట్రంలో జీవితకాల పన్ను కట్టాలి, పన్నెండు నెలలు మించి ఇక్కడ ఉంచుకుంటే కొత్త నంబరు తీసుకోవాలి. బెంగళూరు బండికైనా ఇదే లెక్క. హిందూపురం దాటితే కర్ణాటకే గదా అని పక్క ఊరి బండిలాగా అనుకోవద్దు.

పాటకు చట్టం ఏమంటుంది

1930 నాటి సరుకుల విక్రయ చట్టంలో వేలానికి ప్రత్యేకంగా ఒక సెక్షను ఉన్నది, 64వది. పాటను ఖరారు చేస్తూ సుత్తి పడిన క్షణాన, లేక "మూడోసారి" అన్న క్షణాన అమ్మకం పూర్తవుతుంది. అంతవరకు పాటదారు తన పాటను వెనక్కు తీసుకోవచ్చు. అయితే వేలం షరతులలో అటువంటప్పుడు ధరావతు పోతుందని వ్రాసి ఉండవచ్చు గనుక ముందు అది చదవాలి. అమ్మేవాడు తానూ పాడతానని ముందుగా ప్రకటించకుండా తన మనుషులను పెట్టి పాట పెంచరాదు. దొంగ పాటలతో ధర పెంచినట్లు తేలితే కొన్నవాడు ఆ కొనుగోలును రద్దు చేసుకోవచ్చు. చట్టంలో ఇది బాగానే ఉన్నది గాని, పక్కన నిలబడి ఐదు వందలు పెంచినవాడు ఎవరి మనిషో రుజువు చేయడం మన వల్ల అయ్యే పని కాదు. దానికి మందు ఒక్కటే. ఇంతకు మించి పాడము అన్న అంకె తీర్మానంలో అక్షరాలలో, అంకెలలో వ్రాసుకొని పోవడం, ఆ అంకె దాటగానే టీ తాగడానికి బయటకు పోవడం.

ప్రభుత్వ వేలాలలో ఇంకొక మెలిక ఉంటుంది. హెచ్చు పాట మనదే అయినా పై అధికారి ఖరారు చేసేదాకా బండి మనది కాదు. ధర తక్కువ వచ్చిందని తోస్తే మళ్లీ వేలం పెట్టవచ్చు. పాట మొత్తంమీద పన్ను అదనమా, కలుపుకొనా అన్నది కూడా షరతులలోనే ఉంటుంది. "ఉన్న చోట, ఉన్న స్థితిలో" అన్న మాట ప్రతి వేలం ప్రకటనలోనూ కనిపిస్తుంది. దాని అర్థం: ఇంజను లోపల గింజంత లేకపోయినా తరువాత అడిగే హక్కు మీకు లేదు, కనుక ముందే చూచుకోండి అని. అందుకే పాటకు ముందు బండ్లు చూచుకోవడానికి ఒకటి రెండు రోజులు కేటాయిస్తారు. పాటనాడు చూద్దాములే అని ఆ రోజులు వదులుకున్నవాడు సగం ఓడినట్లే. మేము వదులుకున్నాము.

బండిని ఎలా చూడాలి

మెకానిక్కును తప్పక వెంట తీసుకొని పొండి. అతని దినకూలి, చార్జీలు సంఘం భరించినా నష్టం లేదు. అతడు లేకపోయినా మనకు మనము చూడగలిగినవి చాలా ఉన్నాయి.

ఇంజను ఆయిలు మూత తిప్పి లోపలి వైపు చూడండి. మీగడ లాగా తెల్లని జిడ్డు అంటుకొని ఉంటే రేడియేటరు నీళ్లు ఆయిలులో కలుస్తున్నాయేమోనని అనుమానించాలి. పాలలో నీళ్లు కలిసినా, ఆయిలులో నీళ్లు కలిసినా కొన్నవాడికే నష్టం. ఆయిలు పుల్ల తీసి వేళ్ల మధ్య రుద్ది చూడండి, గరుకుగా ఇనుప రజను తగులుతుందేమో. రేడియేటరు మూత దగ్గర నూనె తెట్టు తేలుతున్నదేమో.

వరద బండి పట్టడానికి ముక్కు, వేళ్లు రెండూ వాడాలి. తలుపు తెరిచిన వెంటనే ముక్క వాసన గాని, దానిని కప్పడానికి కొట్టిన ఘాటైన సెంటు గాని తగులుతుంది. సీటు బెల్టును చివరిదాకా బయటకు లాగండి. పైన శుభ్రంగా ఉన్నా చుట్టలోపల ఉన్న భాగంలో బురద చార కనిపిస్తుంది, ఎందుకంటే అంతదాకా ఎవరూ కడగరు. సీటు జరిగే పట్టాల కింద తుప్పు, కాలి కింది తివాచీ ఎత్తితే సన్నని ఒండ్రు, ముందు దీపాల అద్దం లోపల ఆవిరి, స్టెప్నీ టైరు గుంతలో ఇసుక — ఇవి చూడండి. వీటిలో రెండు కనిపించినా ఆ బండిని వదిలేయడం మేలు.

టైరు పక్కన గుండ్రని చట్రంలో నాలుగు అంకెలు ఉంటాయి. 3219 అని ఉంటే 2019వ సంవత్సరం 32వ వారంలో తయారైన టైరు అన్నమాట. గాడులు లోతుగా ఉన్నా, ఏళ్ల తరబడి ఒకేచోట ఎండలో నిలబడిన టైరు పక్కలు వేసవిలో మన చెరువు అడుగు మాదిరి బీటలిచ్చి ఉంటాయి. మా కారు టైర్లు చూడటానికి కొత్తవే. కదిరి చేరకముందే లారీమీద ఉండగానే ఒకటి గాలి వదిలేసింది.

కిలోమీటర్ల మీటరును నమ్మవద్దు. దానిని వెనక్కు తిప్పడం కొత్త విద్య కాదు. దానికంటె బ్రేకు, క్లచ్చి తొక్కుడు రబ్బర్లు, స్టీరింగు పట్టుకునే చోటు అరుగుదల, డ్రైవరు సీటు అంచు చూడండి. మీటరులో నలభై వేలు చూపుతూ తొక్కుడు రబ్బరు నున్నగా అరిగి ఉంటే మీటరుది అబద్ధం. ఇంజను గదిలో వైర్లు ఎలుకలు కొరికినాయేమో దీపం వేసి చూడండి. ఆవరణలలో నిలిచిన బండ్లకు ఇది మామూలు జబ్బు.

అన్నిటికంటె ముఖ్యం చాసిస్ నంబరు, ఇంజను నంబరు. చాసిస్ నంబరులో 17 అక్షరాలు, అంకెలు ఉంటాయి. దానిని కాగితంమీద పెన్సిలుతో రుద్ది అచ్చు తీసుకోండి. ఆర్.సి.లో ఉన్నదానితో ఒక్కొక్క అక్షరమూ సరిచూడండి. చుట్టూ గీసిన గుర్తులు, వెల్డింగు మచ్చ, అంకెలు ఎగుడుదిగుడుగా ఉండటం కనిపిస్తే అక్కడితో ఆపండి. సెల్‌ఫోనులో కేంద్ర రవాణా శాఖ వారి పరివాహన్ ద్వారా బండి నంబరు కొడితే రిజిస్ట్రేషను ఎప్పటిదాకా ఉన్నది, బీమా ఉన్నదా, ఏ బ్యాంకుకు తాకట్టు ఉన్నది అన్నది తెలుస్తుంది. కట్టని జరిమానా చలానాలు కూడా చూడవచ్చు. దొంగబండి అవునా కాదా అన్నది జాతీయ నేర రికార్డుల బ్యూరో వారి సేవలో చూచుకోవచ్చు. ఊరిలో చదువుకున్న పిల్లలు ఈ పని పది నిమిషాలలో చేసిపెడతారు.

కాగితాలు

మేము ఏడు నెలలు తిరిగినది ఇక్కడే. కాబట్టి దీనిని శ్రద్ధగా చదవండి.

కేంద్ర మోటారు వాహనాల నియమాలలో 57వది ప్రభుత్వం జరిపిన బహిరంగ వేలంలో కొన్న బండ్లకు సంబంధించినది. బండి స్వాధీనమైన 30 రోజుల లోపల 32వ నంబరు ఫారంలో దరఖాస్తు పెట్టాలి. దానితోపాటు రుసుము, ఆర్.సి., బీమా పత్రం, వేలం జరిపిన అధికారి సంతకంతో అమ్మకాన్ని ఖరారు చేసిన ఉత్తర్వు ఉండాలి. ఇవన్నీ మేము తెచ్చుకున్నాము. ఇంకొకటి ఉన్నది: అసలు ఆ బండిని వేలం వేయవచ్చునని ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వు యొక్క ధ్రువీకరించిన నకలు. అది మా దగ్గర లేదు. అడగవలెనని మాకు తెలియదు, ఇవ్వవలెనని వాళ్లకు తోచలేదు. తిరిగి వెళ్లేసరికి వేలం జరిపిన అధికారి బదిలీ అయిపోయినారు, ఫైలు ఎక్కడున్నదో తెలిసిన గుమాస్తా సెలవుమీద ఉన్నారు. ఆ తరువాత జరిగినది మీరే ఊహించుకోవచ్చు. కనుక బండి గేటు దాటక ముందే, డబ్బు రసీదుతోపాటు ఈ రెండు ఉత్తర్వులనూ చేతిలో పెట్టించుకోండి. బండి తరువాత వచ్చినా ఫరవాలేదు.

పట్టుబడిన బండికి నంబరే లేకపోయినా, ఉన్న నంబరు దొంగదని తేలినా అదే నియమంలో దారి ఉన్నది. ముందు వేలం వేసిన శాఖ పేరుమీద కొత్త నంబరు ఇచ్చి, తరువాత కొన్నవారి పేరుకు మారుస్తారు. "నంబరు లేని బండి, ఎప్పటికీ రిజిస్టరు కాదు" అని బెదిరించి మధ్యవర్తులు డబ్బు గుంజే చోట ఈ సంగతి తెలిసి ఉండటం మంచిది.

బ్యాంకు, ఫైనాన్సు బండ్లకు దారి వేరు. అప్పు తీరినట్లు తాకట్టు తొలగించే 35వ ఫారం, బదిలీకి 29, 30 ఫారాలు అవసరం. పాత సొంతదారు సంతకం పెట్టనంటే ఫైనాన్సు కంపెనీయే 36వ ఫారం ద్వారా ఆర్.సి.ని ముందు తన పేరుకు మార్పించుకొని తరువాత మనకు ఇవ్వాలి. "బండి తీసుకొని పోండి, కాగితాలు నెమ్మదిగా పంపుతాము" అన్నవారికి మనము కూడా "డబ్బు నెమ్మదిగా పంపుతాము" అనడమే మర్యాద. మధ్యలో పాత బండ్ల వ్యాపారి ఉంటే అతనికి రవాణా శాఖ ఇచ్చిన అధికార పత్రం ఉన్నదేమో అడగండి. 2023 ఏప్రిల్ 1 నుండి ఆ నియమం అమలులోకి వచ్చింది.

బీమా విషయంలో చాలామంది పొరబడతారు. బండి చేతులు మారితే ఎదుటివారికి జరిగే నష్టానికి సంబంధించిన బీమా దానితోపాటే బదిలీ అయినట్లు చట్టం భావిస్తుంది, కొన్నవారు 14 రోజులలో బీమా కంపెనీకి తెలియజేయాలి. కాని మన బండికి జరిగే నష్టానికి ఇది వర్తించదని సుప్రీంకోర్టు ఎప్పుడో తేల్చింది. అదైనా బీమా బతికి ఉంటేనే. వేలం బండ్లలో చాలా వాటికి ఎప్పుడో గడువు తీరిపోయి ఉంటుంది. బీమా లేకుండా తోలితే మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000 జరిమానా. ఆ మొత్తం చిన్నది. అటువంటప్పుడు దారిలో ఒక మనిషికి తగిలితే ఆ నష్టపరిహారం సంఘాన్ని మూయించగలదు. అందుకే లారీమీద ఎక్కించుకొని రావడం దండగ ఖర్చు కాదని చెబుతున్నాము.

సంఘం తన పాత బండి అమ్మేటప్పుడు కూడా ఈ జాగ్రత్తే. ఆర్.సి. ఎవరి పేరుమీద ఉంటే ప్రమాదంలో నష్టపరిహారానికి వారే సొంతదారని 2018 ఫిబ్రవరి 6న సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసులో కారు ఒకరి నుండి ఒకరికి నాలుగు చేతులు మారినా కాగితంలో మొదటివాని పేరే ఉండిపోయింది. బాధ్యత అతని మీదనే పడింది. ఖాళీ ఫారాలమీద సంతకాలు చేసి ఇచ్చే అలవాటును మన కార్యదర్శులు ఇకనైనా మానుకోవాలి.

ఇంకొక చిన్న విషయం. తెల్ల నంబరు ప్లేటు కారు సొంత వాడకానికే. దానిలో పశువైద్యుని తీసుకొని రావచ్చు, పాల నమూనాలు తీసుకొని పోవచ్చు. పక్క సంఘాల క్యాన్లు వేసుకొని బాడుగ వసూలు చేస్తే బ్రేకు ఇన్‌స్పెక్టరు ఊరుకోడు. వెనుక సీటు తీసి క్యాన్లు పెట్టుకుందామన్న ఆలోచన ఉంటే కారు కాదు, సరుకు బండే చూసుకోవాలి. అప్పుడు ఎఫ్.సి., పర్మిటు, పన్ను లెక్కలన్నీ వేరు.

మా కారు ప్రస్తుత పరిస్థితి కూడా చెప్పవలసి ఉన్నది. కాగితాలు వచ్చిన తరువాత అది బాగానే పని చేసింది. రెండు వానాకాలాలలో గాలికుంటు టీకాలకు అన్ని పల్లెలూ తిరిగింది. ఎడమవైపు వెనుక తలుపు లోపలి నుండి తెరుచుకోదు. పశువైద్యునికి ఆ సంగతి తెలుసు గనుక ఆయన కుడివైపే కూర్చుంటారు. ఇప్పుడు దానికి 15 ఏళ్లు నిండబోతున్నాయి. సంఘం బండి ప్రభుత్వ బండి కాదు గనుక బ్రేకు ఇన్‌స్పెక్టరు చూచి సరేనంటే ఇంకొక ఐదేళ్లకు పొడిగించవచ్చు. 2022 ఏప్రిల్ నుండి దానికి రుసుము 5,000 రూపాయలు, హరిత పన్ను వేరే. లేదా తుక్కు కేంద్రానికి ఇచ్చి ధ్రువపత్రం తీసుకోవచ్చు. రెండు అంచనాలూ వ్రాయించి వచ్చే మహాజన సభ ముందర పెడుతున్నాము. ఈసారి ఆ రెండు ఆవుల సభ్యురాలిని ముందు వరుసలోనే కూర్చోమని కబురు పంపినాము.